బ్రస్సెల్స్‌లో సంతకం – కోలారులో పాలబిందె

(పాఠశాల ప్లాటినం జూబిలీ మహోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



బంగారం, పట్టు, పాలు – ఈ మూడు మాటలతో కోలారు జిల్లాను పరిచయం చేయడం చిరకాలంగా వస్తున్న వాడుక. మూడూ ఈ నేల ఇచ్చిన సంపదలే. మూడింటి వెనుకా ఈ జిల్లా ప్రజల చెమట ఉన్నది. అయితే ఈ మూడింటి భవితవ్యం ఎక్కడ నిర్ణయమవుతున్నదన్న ప్రశ్న వేసుకుంటే సమాధానం జిల్లా సరిహద్దులు దాటి, దేశపు సరిహద్దులు దాటి వెళుతుంది. డెబ్బది అయిదేండ్లు నిండిన విద్యాలయం ఉత్సవం జరుపుకొనే వేళ ఈ ప్రశ్నను విద్యార్థుల ముందు ఉంచడం సమయోచితంగా ఉంటుంది.

ముందుగా బంగారం సంగతి. 1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ ఇక్కడ ఆధునిక పద్ధతిలో గనుల పని ఆరంభించింది. 1902లో కావేరి మీది శివనసముద్రం నుండి ఈ గనులకు విద్యుత్తు వచ్చింది. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి, 1962లో కేంద్ర ప్రభుత్వం చేతికి వచ్చాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ ఏర్పడింది. మూడు కిలోమీటర్లకు మించిన లోతులో, కాల్చివేసే ఉక్కలో తరతరాల కార్మికులు పనిచేశారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. తెరిచిన నిర్ణయమూ మూసిన నిర్ణయమూ సొరంగంలోకి దిగినవాడు చేసినవి కావు. అతడు తెల్లవారి పనికి పోయేవాడు. ఒకనాడు పని లేదన్నారు. నేడు ఆ కుటుంబాల పిల్లలెందరో తెల్లవారుజామున రైలెక్కి బెంగుళూరుకు పనికి పోయి రాత్రికి తిరిగివస్తున్నారు.

పట్టు సంగతీ అటువంటిదే. 2011–12 కేంద్ర బడ్జెట్టులో ముడిపట్టుపై దిగుమతి సుంకం 30 శాతం నుండి 5 శాతానికి తగ్గింది. చైనా పట్టు చౌకగా దిగింది. పట్టుగూళ్ళ ధర పడిపోయి రైతులు వీధికెక్కారు. 2013లో ఆ సుంకాన్ని తిరిగి 15 శాతానికి పెంచారు. తట్టలలో పురుగులకు ఆకు వేస్తున్న ఇల్లాలికి ఈ అంకెలు తెలియకపోవచ్చును. ఆ అంకెల ఫలితం మాత్రం ఆమె ఇంటికి వచ్చి తీరింది.

ఇక మిగిలినది పాలు. ఈ ప్రసంగం పాల గురించి, పాల ధర మీద సముద్రాల ఆవల నుండి ప్రభావం చూపే ఒక పదవి గురించి. ఆ పదవి పేరు యూరోపియన్ యూనియన్ వ్యవసాయ కమిషనర్. ఒక దేశానికి వ్యవసాయ మంత్రి ఉండడం అందరికీ తెలిసినదే. అనేక దేశాల వ్యవసాయ విధానాన్ని ఒకే బల్ల మీద పెట్టి చూసే అధికారి ఉండడం మానవ చరిత్రలో కొత్త విషయం. 1958లో ఆరు దేశాలతో ఆరంభమైన ఆ పదవి పరిధిలో నేడు 27 దేశాలున్నాయి.

ఆ అధికారికి ఉన్న శక్తి ఏమిటి? ఆయన రాజు కాడు, ఆజ్ఞాపించలేడు. ఆయన చేయగలిగినవి మూడు. మొదటిది, ప్రతిపాదించడం. కమిషన్ ప్రతిపాదించనిదే చట్టం రూపుదిద్దుకోదు. నిర్ణయించేది సభ్యదేశాల మంత్రులు. తరువాతి కాలంలో వారితోపాటు ఐరోపా పార్లమెంటు. రెండవది, నిర్ణయమైన విధానాన్ని నడపడం. ఎంత ధరకు ఎంత సరుకు కొని నిల్వ చేయాలో, ఎప్పుడు అమ్మాలో చూడడం. మూడవది, ఇతర దేశాలతో జరిగే వాణిజ్య సంప్రదింపులలో వ్యవసాయం పక్షాన మాట్లాడడం. పదవి స్వీకరించేటప్పుడు ఆయన తన దేశపు ప్రయోజనం కోసం కాక అందరి ప్రయోజనం కోసం పనిచేస్తానని ప్రమాణం చేస్తాడు. తన ఊరి కాలువకు ముందు నీరు వదలరాదన్న నియమానికి కట్టుబడిన చెరువు పెద్ద వంటివాడు ఆయన. చెరువుల జిల్లా అయిన కోలారులో పుట్టినవారికి ఈ పోలిక సులభంగా బోధపడుతుంది. నీరు పంచడం కంటె పంచినట్లు అందరినీ ఒప్పించడమే కష్టం.

ఈ పదవిని తొలిసారి చేపట్టినవాడు హాలెండు దేశస్థుడు సిక్కో మాన్‌షోల్ట్. 1908లో జన్మించాడు. రైతు కుటుంబంలో పుట్టి, యౌవనంలో జావా ద్వీపంలోని తేయాకు తోటలో కొంతకాలం పనిచేసి, స్వదేశం తిరిగివచ్చి సముద్రం నుండి ఆరబెట్టి తీసిన కొత్త భూమిలో సేద్యం చేశాడు. రెండవ ప్రపంచయుద్ధంలో ఆయన దేశాన్ని జర్మనీ ఆక్రమించింది. ఆయన రహస్య ప్రతిఘటనోద్యమంలో చేరాడు. 1944–45 చలికాలంలో హాలెండు పశ్చిమభాగపు పట్టణాలకు ఆహారం అందలేదు. జనం తులిప్ పూల దుంపలు ఉడికించుకొని తిన్నారు. ఇరవై వేలమంది వరకు ఆకలికి మరణించారు. యుద్ధం ముగిసిన వెంటనే, 1945 జూన్‌లో, 36 ఏండ్ల మాన్‌షోల్ట్ ఆ దేశానికి వ్యవసాయ మంత్రి అయ్యాడు. ఆహారం కోసం ఐరోపా ఇక ఎన్నడూ చేయి చాపరాదన్నది ఆయన దీక్ష.

1957లో రోములో కుదిరిన ఒప్పందంతో ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీ, ఇటలీ, బెల్జియం, హాలెండు, లక్సెంబర్గు దేశాలు ఐరోపా ఆర్థిక సమాజంగా ఏర్పడ్డాయి. మరుసటి ఏడు మాన్‌షోల్ట్ వ్యవసాయ కమిషనర్ అయ్యాడు. ఆరు దేశాలకు ఆరు ధరలు, ఆరు సుంకాలు, ఆరు రకాల భయాలు. వీటన్నిటినీ ఒక్కటి చేసే నిర్ణయానికి 1961 డిసెంబరు 31 గడువు. ఆ రాత్రికీ మంత్రులు ఒప్పుకోలేదు. గడువు దాటలేదని చెప్పుకొనేందుకు గడియారాన్ని ఆపివేసినట్లు భావించుకొని చర్చలు కొనసాగించారు. 1962 జనవరి 14 తెల్లవారుజామున ఒప్పందం కుదిరింది. లోకంలో కాలం రెండు వారాలు నడిచింది, ఆ సభాభవనంలో మాత్రం డిసెంబరు 31 కదలలేదు! ఉమ్మడి వ్యవసాయ విధానం పుట్టిన ముహూర్తం అది.

ఆ విధానంలోని సూత్రం సామాన్యుడికి కూడా అర్థమయ్యేదే. రైతుకు గిట్టుబాటయ్యే ధర ముందే ప్రకటిస్తారు. బజారులో ధర అంతకంటె దిగజారితే ప్రభుత్వ యంత్రాంగం సరుకు కొని గిడ్డంగిలో పెడుతుంది. బయటి దేశం నుండి చౌక సరుకు రాకుండా సరిహద్దు వద్ద సుంకం వేస్తుంది. మిగులు సరుకును బయటి దేశాలలో అమ్మేవారికి నష్టం పూడ్చి సొమ్ము ఇస్తుంది. ధాన్యానికీ, వెన్నకూ, పాలపొడికీ ఈ రక్ష లభించింది. ఆకలి తీరింది. కాని ఎంత పండించినా కొనే దిక్కున్నప్పుడు రైతు ఆగవలసిన అవసరమేమున్నది? ఆవుల పాలదిగుబడి ఏటేటా పెరిగింది, తాగే నోళ్ళు పెరగలేదు. 1960ల చివరికి శీతల గిడ్డంగులలో వెన్న పేరుకుపోయింది. ఐరోపా పత్రికలు దానిని వెన్నకొండ అని పిలిచాయి.

కోలారు బంగారు గనుల వారికి మనిషి పేర్చిన కొండలు కొత్త కావు. బంగారం తీసివేసిన తరువాత మిగిలిన పిండిరాయి సయనైడ్ దిబ్బలై నేటికీ ఊరి అంచున నిలిచి ఉన్నది. గాలి వీచినప్పుడు ఆ ధూళి ఎవరి ఇంట పడుతుందో అందరికీ తెలుసు. వెన్నకొండ సంగతీ అంతే. దానిని పేర్చినవాడు ఒకడు, దాని గాలి సోకేవాడు వేరొకడు. ఒక ఖండంలో మిగిలిన పాలపొడి మరొక ఖండంలోని పల్లెకు చౌకగా చేరితే ఆ పల్లెలో పాలు పిండుకొని బ్రతికే ఇల్లాలు ఏమి కావాలి?

మాన్‌షోల్ట్ గొప్పదనం తాను నాటిన చెట్టు వంకరను తానే ముందుగా చూడడంలో ఉన్నది. 1968 డిసెంబరులో ఆయన ఒక ప్రణాళికను మంత్రుల ముందు పెట్టాడు. ధరలు పెంచుతూ పోవడం పరిష్కారం కాదనీ, చిన్న కమతాలు కలిసి పెద్దవి కావాలనీ, యాభై లక్షలమంది సేద్యం విడిచి ఇతర వృత్తులకు మరలాలనీ అందులో చెప్పాడు. లెక్క సరియైనదే కావచ్చును. కాని ఆ యాభై లక్షలలో ప్రతి ఒక్కరికీ ఒక ఇల్లు, ఒక పశువుల కొట్టం, తాత నాటిన ఒక చెట్టు ఉన్నాయి. 1971 మార్చి 23న బ్రస్సెల్స్ వీధులలోకి వేలాది రైతులు తరలివచ్చారు. అల్లర్లు చెలరేగాయి. ఒక రైతు ప్రాణం కోల్పోయాడు. రైతు కోసం జీవితం ధారపోసిన రైతుబిడ్డ దిష్టిబొమ్మను రైతులే తగులబెట్టారు. ప్రణాళికలో చివరికి కొంత భాగమే అమలైంది. బల్ల మీద అంకెగా కనిపించినది పల్లెలో మనిషిగా ఉంటుందన్న పాఠాన్ని ఆ పదవి ఆనాడు నేర్చుకొన్నది.

ఇదే కాలంలో రోము నగరంలో మరొక పెద్ద పదవిలో ఒక భారతీయుడు ఉన్నాడు. ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థకు 1956 నుండి 1967 వరకు డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన బినయ్ రంజన్ సేన్. ఆసియా ఖండం నుండి ఆ పీఠమెక్కిన మొదటివాడు ఆయనే. లక్షలాది ప్రాణాలను బలిగొన్న 1943 బెంగాల్ కరవును దగ్గరగా చూసిన ఐ.సి.ఎస్. అధికారి. 1960లో ఆకలి నుండి విముక్తి కోసం ప్రపంచవ్యాప్త ఉద్యమాన్ని ఆరంభించాడు. ఆయన హయాములోనే, 1961లో, మిగులు ఉన్న దేశాల ఆహారాన్ని కొరత ఉన్న దేశాలకు చేర్చే ప్రపంచ ఆహార కార్యక్రమం రూపొందింది. ఒకరు హాలెండు ఆకలినీ, ఒకరు బెంగాల్ ఆకలినీ కళ్ళారా చూసినవారు. ఒకరి విధానం మిగులును సృష్టించింది. మరొకరి సంస్థ ఆ మిగులు నడిచే దారిని వేసింది. ఆ దారి వెంట వచ్చిన పాలపొడి భారతదేశపు రేవులకు చేరింది.

ఆ దారి మేలు చేస్తుందో కీడు చేస్తుందో ముందుగా ఎవరూ చెప్పలేకపోయేవారు. ఉచితంగా వచ్చిన పొడిని ఉచితంగానో కారుచౌకగానో పట్టణాలలో పంచితే పల్లెపాల ధర కూలిపోయేది. ఇక్కడ ఆణంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి, దాని అధ్యక్షుడు డాక్టర్ వర్గీస్ కురియన్ చేసిన ఆలోచన చరిత్రలో నిలిచిపోయింది. 1970లో ఆరంభమైన ఆపరేషన్ ఫ్లడ్ తొలిదశకు ప్రపంచ ఆహార కార్యక్రమం ద్వారా లక్షా 26 వేల టన్నుల వెన్న తీసిన పాలపొడి, 42 వేల టన్నుల వెన్ననూనె దానంగా కేటాయింపబడ్డాయి. వాటిని నీటిలో కలిపి పాలుగా మార్చి మహానగరాలలో బజారు ధరకే అమ్మారు. వచ్చిన సొమ్మును పల్లెల సహకార సంఘాలకు, శీతలీకరణ కేంద్రాలకు, పాల ట్యాంకర్లకు, పశువైద్యానికి, దాణా కర్మాగారాలకు పెట్టుబడిగా పెట్టారు. దానం తిని కూర్చోక, దానిని విత్తనంగా నాటారన్నమాట. తరువాతి దశలు 1996 వరకు సాగాయి.

అదే పాలపొడి వేరొక చోట ఏమి చేసిందో తెలిస్తే ఈ ఆలోచన విలువ ఇంకా స్పష్టమవుతుంది. కరీబియన్ సముద్రంలోని జమైకా దేశం 1990ల ఆరంభంలో అప్పుల ఒత్తిడికి లోనై దిగుమతుల ద్వారాలు తెరిచింది. బయటి దేశాల సబ్సిడీ పాలపొడి చౌకగా వచ్చిపడింది. కొనేవారు లేక స్థానిక రైతులు పాలను నేలపాలు చేయవలసి వచ్చింది. ఆవులను కబేళాలకు తోలారు. పొడి ఒకటే. పంపిన దేశాల ఉద్దేశమూ ఒకటే, తమ మిగులును వదిలించుకోవడం. అందుకొన్న చేయి మాత్రం ఒకటి కాదు. ఒకచోట రైతులకు సంఘం ఉన్నది, దానిని కాపాడే ప్రభుత్వ విధానం ఉన్నది. మరొకచోట ఆ రెండూ బలహీనంగా ఉన్నాయి. విషమా అమృతమా అన్నది పాత్రను బట్టి తేలింది.

ఇప్పుడు కోలారుకు వద్దాం. శాశ్వతంగా పారే నది లేని జిల్లా ఇది. పాలారు ఇక్కడ పారుతుందన్న పేరే గాని ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకగానే కనిపిస్తుంది. 1876–78 నాటి మహాకరవులో మైసూరు సంస్థానంలో సుమారు 10 లక్షలమంది నశించారు. వాన వస్తే రాగి, రాకపోతే వలస అన్న ఈ నేలకు పాడి ఒక ఊతకర్ర అయింది. నెహ్రూ ప్రభుత్వంలో వ్యవసాయశాఖ ఉపమంత్రిగా పనిచేసిన కోలారు జిల్లావాసి ఎం.వి. కృష్ణప్ప మేలుజాతి విదేశీ ఆవులను ప్రోత్సహించి ఈ ప్రాంతపు పాడికి పునాది వేసినవాడుగా నేటికీ స్మరింపబడుతున్నాడు. నాటు ఆవు పక్కన సీమ ఆవు వచ్చి నిలిచింది. 1974లో ప్రపంచ బ్యాంకు సహాయంతో కర్ణాటక పాడి అభివృద్ధి పథకం ఆణంద్ నమూనాలో ఆరంభమైంది. 1984లో కర్ణాటక పాల ఉత్పత్తిదారుల సమాఖ్య, 1987లో కోలారు జిల్లా పాల ఒక్కూటం ఏర్పడ్డాయి. 2007లో చిక్కబళ్ళాపురం వేరు జిల్లా అయింది.

తెల్లవారుజామున ఏ పల్లెలోనైనా సంఘం ముందు నిలుచుంటే కనిపించే దృశ్యం అందరికీ పరిచితమే. డైరీకి పాలు పోయడమని జనం చెప్పుకొనే పని అది. స్టీలు బిందెలు, క్యాన్లు పట్టుకొని ఆడవారు, ముసలివారు, బడికి పోవలసిన పిల్లలు వరుసలో ఉంటారు. కొంచెం పాలు తీసి వెన్నశాతం చూస్తారు, కొలుస్తారు, పుస్తకంలో రాస్తారు. అయిదెకరాల రైతుకూ భూమి లేని కూలికీ ఒకటే కొలత, ఒకటే వరుస. రాగి పంటకు డబ్బు ఏడాదికి ఒకసారి వస్తే గొప్ప. పాల డబ్బు నెలలో నిర్ణీత దినాలలో వస్తుంది. ఆ డబ్బుతోనే ఉప్పూ పప్పూ, ఆ డబ్బుతోనే బడి పుస్తకాలూ. గని జీతం ఆగిపోయిన తరువాత చుట్టుపక్కల పల్లెలు తట్టుకొని నిలబడ్డాయంటే అందులో ఆవు పాత్ర చిన్నది కాదు.

1950–51లో దేశంలో పాల ఉత్పత్తి కోటీ 70 లక్షల టన్నులు. 2023–24లో సుమారు 23 కోట్ల 90 లక్షల టన్నులు. 1998 నాటికే భారతదేశం పాల ఉత్పత్తిలో ప్రపంచంలో ప్రథమస్థానం చేరుకొన్నది. ఒకనాడు ఐరోపా మిగులును అందుకొన్న దేశం నేడు ఎవరి పొడికీ చేయి చాపడం లేదు. మాన్‌షోల్ట్ తన ఖండానికి కోరుకొన్నదే ఈ దేశమూ సాధించింది. అది కూడా చిన్న కమతాలను తుడిచివేయకుండా, ఒకటి రెండు ఆవులున్న ఇండ్ల చేతనే.

అంతటితో కథ ముగియలేదు. మాన్‌షోల్ట్ తరువాత ఆ పదవికి వచ్చినవారు కొండను కరిగించడానికి ఎన్నో మార్గాలు వెతికారు. 1980ల ఆరంభంలో ఐరోపా సమాజపు బడ్జెట్టులో దాదాపు మూడింట రెండు వంతులు వ్యవసాయానికే ఖర్చయ్యేది. 1984లో ఒక్కొక్క దేశం ఇంతకు మించి పాలు ఉత్పత్తి చేయరాదని పరిమితి పెట్టారు. 1992లో ఐర్లండు దేశస్థుడైన కమిషనర్ రే మెక్‌షారీ ధాన్యపు మద్దతు ధరను దాదాపు 30 శాతం తగ్గించి, ఆ నష్టాన్ని రైతుకు నేరుగా సొమ్ము రూపంలో చెల్లించే పద్ధతి తెచ్చాడు. 2015 డిసెంబరులో నైరోబిలో ప్రపంచ వాణిజ్య సంస్థ దేశాలు వ్యవసాయ ఎగుమతి సబ్సిడీలను తొలగించడానికి అంగీకరించాయి. అదే ఏడాది మార్చి 31న పాల పరిమితి ఎత్తివేశారు. ఫలితంగా పాలు పొంగాయి, ధర పడింది. రైతులు మళ్ళీ బ్రస్సెల్స్ వీధులకెక్కారు. యూనియన్ కొని నిల్వచేసిన పాలపొడి మూడున్నర లక్షల టన్నులు దాటింది. ప్రపంచ బజారులో పొడి ధర దిగజారింది. ఆ నేపథ్యంలో 2017–18లో భారతదేశపు పాల సమాఖ్యలు తమ పొడిని బయట అమ్ముకోలేక నిల్వలతో సతమతమయ్యాయి. బ్రస్సెల్స్ సంతకానికీ పల్లెలోని పాలబిందెకూ మధ్యనున్న దారం ఎంత పొడవైనా తెగలేదనడానికి ఇదే నిదర్శనం.

2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో ఆర్.సి.ఇ.పి. అనే పదహారు దేశాల వాణిజ్య ఒప్పందంలో చేరబోమని భారతదేశం ప్రకటించింది. అందుకు పలు కారణాలున్నాయి. న్యూజిలాండు పాలపొడి చౌకగా వచ్చి పడుతుందన్న పాడిరైతుల ఆందోళన వాటిలో ఒకటి. ఆ ఆందోళన ఢిల్లీ దాకా వినిపించిందంటే కారణం సంఘాలే. గని కార్మికుడి గొంతు తన గని మూతను ఆపలేకపోయింది. పాలు పోసే ఇల్లాలి గొంతు ఒక ఒప్పందపు బల్ల దాకా చేరింది. ఈ తేడాను కోలారు బిడ్డలు గుర్తుంచుకోవాలి.

మిగులు సమస్య ఇతరులదే అనుకోవడమూ పొరపాటే. కర్ణాటకలో పాలు పెరిగి సమాఖ్య వద్ద నిల్వలు పేరుకొన్నప్పుడు ప్రభుత్వం ఏమి చేసింది? 2013 ఆగస్టు 1న క్షీరభాగ్య పథకం ఆరంభించింది. సమాఖ్య తయారు చేసిన వెన్నతో కూడిన పాలపొడిని కొని, ఒక్కొక్క బిడ్డకు 150 మిల్లీలీటర్ల పాలు చొప్పున ప్రభుత్వ, ఎయిడెడ్ బడులలో పంచింది. రైతుకు కొనుగోలు దొరికింది, బిడ్డకు బలం దొరికింది. కొండను పరాయి ఊరి మీదికి తోయకుండా తన బిడ్డల గ్లాసులలో కరిగించిన ఆలోచన అది. ఐరోపాలో పెద్ద పదవులలో కూర్చున్నవారు సైతం గమనించదగిన మార్గం ఒకటి, ఇంత దగ్గరలో, బడి వరండాలో ఉన్నది.

పొగడ్తలతో పాటు హెచ్చరిక కూడా చెప్పుకోవాలి. సీమ ఆవుకు పచ్చిమేత కావాలి, మేతకు నీరు కావాలి. ఈ జిల్లాలో బోరుబావులు వెయ్యి అడుగులు దాటి పోయాయి. భూగర్భజలం పైనుండి చేరేదానికంటె తోడేదే ఎక్కువ. 2018 నుండి బెంగుళూరు మురుగునీటిని శుద్ధిచేసి కె.సి. వ్యాలీ పథకం ద్వారా చెరువులకు తెస్తున్నారు. చెరువులు నిండాయన్న సంతోషమూ ఉన్నది, ఆ నీటి నాణ్యత గురించిన చర్చా ఉన్నది. బంగారాన్ని తవ్వి తీసినట్లే నీటినీ తవ్వి తీస్తూ పోతే ఒకనాడు ఆ గనీ మూతపడుతుంది. దానికి మాత్రం బ్రస్సెల్స్‌ను గాని ఢిల్లీని గాని నిందించి ప్రయోజనం ఉండదు. ఆ నిర్ణయం ప్రతి పొలంలో, ప్రతి ఊరిలో జరుగుతున్నది.

చివరిగా ఈ విద్యాలయం గురించి ఒక మాట. ఇంటిలో తెలుగు, సంఘం పుస్తకంలో కన్నడం, గని బస్తీలో తమిళం, ఒప్పందాల కాగితాలలో ఇంగ్లీషు – ఇన్ని భాషల నడుమ పెరిగే పిల్లలకు అమ్మభాషలో అక్షరం నేర్పిన చోటు ఇది. సహకార సంఘం నిలిచేది సభ్యుడు లెక్క చదవగలిగినప్పుడే. వెన్నశాతం ఎంత రాశారో, ధర ఎంత కట్టారో, వార్షిక సభలో ఏమి తీర్మానించారో తన కళ్ళతో చూసి అడగగలిగినవాడే సంఘానికి యజమాని. చదవలేనివాడు పాలు పోసేవాడుగానే మిగిలిపోతాడు. డెబ్బది అయిదేండ్లుగా ఉపాధ్యాయులు నల్లబల్ల మీద రాసిన ఎక్కాలు, శాతాలు ఎన్ని ఇండ్ల పాల లెక్కలను సరిచూచాయో ఎవరూ గణించలేదు. అది ఏ వార్షిక నివేదికలోనూ కనిపించని సేవ.

ఈ సభలో కూర్చున్న విద్యార్థులలో ఎవరైనా రేపు రోములోనో, జెనీవాలోనో, ఢిల్లీలోనో దేశాల పంటలను నిర్ణయించే బల్ల వద్ద కూర్చోవచ్చును. అలా కూర్చున్న నాడు వారు గుర్తుంచుకోవలసినది ఒకటే. ఎదుట ఉన్న కాగితంలోని ప్రతి అంకె వెనుక తెల్లవారుజామున వరుసలో నిలిచిన ఒక పాలబిందె ఉంటుంది. తక్కినవారు ఈ జిల్లాలోనే ఉండి సంఘానికి సభ్యులు, కార్యదర్శులు, అధ్యక్షులు అవుతారు. వారి బాధ్యత అంతకంటె చిన్నది కాదు. దూరపు సంతకం మంచిదైనా చెడ్డదైనా దానిని అందుకొనే పాత్ర వారి చేతిలో ఉంటుంది. ఆ పాత్రకు చిల్లు పడకుండా చూసుకోవడమే ఈ విద్యకు సార్థకత.

ఈ విద్యాలయం శతవసంతాలు పూర్తిచేసుకొనే నాటికి కోలారు పేరు వెంట పలికే మూడు మాటలలో కనీసం రెండు సజీవంగా ఉండాలనీ, ఈ ప్రాంగణంలో తెలుగు అక్షరం ఇలాగే వెలుగుతూ ఉండాలనీ ఆకాంక్ష.